ఒక్క జన్యువును నమ్ముకుని బీన్స్ రకాలు విడుదల చేయకండి

విత్తన పరిశోధన డైరెక్టర్ గారికి,

నమస్కారం. నేను బీన్స్ పండిస్తాను. ఆంత్రాక్నోస్ అనే శిలీంధ్రపు తెగులును తట్టుకుంటుందని చెబితేనే ఓ కొత్త రకం వేశాను, కానీ వానలు పట్టిన రెండు వారాలకే ఆకుల వెనక ఈనెలు ఇటుక రంగుకి తిరిగి, కాయల మీద నల్లటి గుంట మచ్చలు పడి, వాటి మధ్యలో గులాబీ రంగు జిగురు కనిపించింది. ఆ కాయల్లోని గింజని విత్తనంగా దాచుకోలేం, తెగులు గింజలోనే ఉండి తర్వాతి పంటకీ వస్తుంది.

తెగులును ఆపడానికి ఒక్క నిరోధక జన్యువునే నమ్ముకుంటే ఇలా దెబ్బతింటామన్నది కొత్తగా తెలిసిన సంగతేం కాదండీ. కార్నెల్ 49-242 అనే బీన్స్ రకంలోని ‘ఆరే’ జన్యువును (ఇప్పుడు సీఓ-2 అంటున్నారు) ఎన్నో రకాల్లోకి ఎక్కించారు, కొన్నేళ్లు బాగానే కాపాడింది, తర్వాత దాన్ని దాటే శిలీంధ్రపు తెగలు (అదే శిలీంధ్రంలోని వేర్వేరు రూపాలు) వచ్చేశాయి. జీ2333 అనే నాటు రకం మాత్రం చాలా తెగలను తట్టుకుంటుంది, ఎందుకంటే అందులో మూడు నిరోధక జన్యువులు కలిసి ఉన్నాయి.

అందుకే అడుగుతున్నాను, బీన్స్‌లో ఉన్న రెండు మూల వర్గాలు, అంటే దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాల మూలం, మధ్య అమెరికా మూలం, రెండింటి నుంచీ జన్యువులు తెచ్చి ఒకే రకంలో కలపండి. డీఎన్ఏ మార్కర్లు ఉన్నాయి కదా, ఏ మొక్కలో ఏ జన్యువు చేరిందో మొలక దశలోనే తెలుస్తుంది. శిలీంధ్రపు తెగలను గుర్తించే 12 ప్రామాణిక బీన్స్ రకాలతో ఏటా పరీక్షలు చేయించి, ఏ తెగ మీద పరీక్షించారో విత్తన సంచి మీదే రాయించండి. ‘తెగుళ్లను తట్టుకుంటుంది’ అని ఊరికే రాస్తే మాకేం తెలుస్తుంది?

ఇట్లు,
ఒక బీన్స్ రైతు