అటెస్టేషన్ ఫారం గురించి

చి. ల. సౌ. స్వప్నకు నాన్న ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. అమ్మ మోకాళ్ల నొప్పి కాస్త తగ్గింది. గేదె ఈనింది, పెయ్యదూడ. జున్ను పంపుదామంటే నీ దాకా వచ్చేసరికి విరిగిపోతుందని అమ్మ ఊరుకుంది.

నువ్వు ఫోన్ ఎత్తడం లేదు. బళ్లో టీచరుగా కొత్తగా చేరావు, పని ఉంటుంది, నేనేమీ అనుకోవడం లేదు. కాకపోతే ఉద్యోగంలో చేరేటప్పుడు నీ మీద కేసులున్నాయా అని అడిగే అటెస్టేషన్ ఫారం ఉంది చూడు, దాని గురించే మొన్న సంతలో శేషయ్య బావ కనపడి, "అమ్మాయి ఫారంలో ధర్నా కేసు సంగతి రాయలేదంటగా, తెలివైంది" అన్నాడు. ఆయన నోటికి హద్దూ పద్దూ లేదు. నమ్మలేదులే, ఊరికే చెబుతున్నా.

గది దొరికిందా? అక్కడి బోరు నీళ్లు తాగకు, పడమటి ప్రకాశంలో ఫ్లోరైడ్ ఎక్కువ. డబ్బా నీళ్లు కొనుక్కో, పిసినారితనం చెయ్యకు.

ఫారం అంటే గుర్తొచ్చింది. నేను మండల విద్యాశాఖ ఆఫీసులో ఉన్నప్పుడు ఒక లెక్కల మాస్టారు ఉండేవారు. పేరెందుకులే, మనింటికి వస్తే నిన్ను ఎక్కాలు అడిగేవారు. ఉద్యోగం రాకముందు ఒక సంక్రాంతికి తోటలో పేకాడుతూ పోలీసులకు దొరికాడు. కోర్టులో తప్పు ఒప్పుకుని, రెండొందలు జరిమానా కట్టి, ఆ పూటకే ఇంటికొచ్చి అరిసెలు తిన్నాడు. ఆయన దృష్టిలో అది బండి చలానా లాంటిది. కానీ ఒప్పుకుని జరిమానా కడితే చట్టం లెక్కలో శిక్ష పడినట్టే. ఫారంలో అరెస్టయ్యారా, కేసుందా, శిక్ష పడిందా అని అడిగితే మూడింటికీ 'లేదు' అని రాశాడు. ఏళ్లు గడిచాయి. సరిగ్గా ప్రమోషన్ లిస్టు వచ్చే ముందు ఒక ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది. ఛార్జ్ మెమో, అంటే ఆయన మీద అభియోగాల కాయితం, నా టేబుల్ మీదుగానే వెళ్లింది. అందులో పేకాట గురించి ఒక్క ముక్క లేదు, 'లేదు' అని ఎందుకు రాశావనే. ఇంక్రిమెంట్లు పోయాయి, ప్రమోషన్ పోయింది, ఉద్యోగం మాత్రం ఎలాగో నిలిచింది. ఆయనతో పేకాడిన మిగతా ముగ్గురూ సేద్యం చేసుకుంటున్నారు, వాళ్లనెవరూ ఏమీ అడగలేదు.

నిలవనివాళ్లూ ఉన్నారు. కేంద్రీయ విద్యాలయంలో పీఈటీగా, అంటే వ్యాయామం మాస్టారుగా, చేరిన ఒకాయన నడుస్తున్న కేసు దాచాడు. ఫారం ఇంగ్లిష్‌లో ఉంది, అర్థం కాలేదన్నాడు. బీఎడ్, ఎంఎడ్ చదివినవాడికి అర్థం కాకపోవడమేమిటంది సుప్రీంకోర్టు, 2003లో. ఆ కేసును తర్వాత ప్రభుత్వమే ఎత్తేసింది, అయినా ఉద్యోగం దక్కలేదు. మీ కేసులు కూడా ఎత్తేస్తారని మీ గ్రూపులో అనుకుంటున్నారట. ఎత్తేయనీ. ఫారం నింపిన రోజుకి ఉంటే ఉన్నట్టే.

2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు జడ్జీలు ముగ్గురు కాస్త సడలించారు. చిన్న కేసు పెండింగులో ఉందని నిజం రాస్తే, దాని తీర్పుకు లోబడి ఉద్యోగం ఇవ్వొచ్చన్నారు. ఇచ్చి తీరాలనలేదు, అది నీకు దాచను. చిన్న కేసు దాచినా అధికారులు చూసీచూడనట్టు పోవచ్చని కూడా అందులోనే ఉంది. శేషయ్య బావ లాంటివాళ్లు పట్టుకునేది ఆ ముక్కే. అది అధికారుల దయ, నీ హక్కు కాదమ్మా.

అయినా నువ్వేం దొంగతనం చేశావు? డీఎస్సీ వెయ్యండని రోడ్డెక్కితే పెట్టిన కేసు. పిల్లల మీద చెయ్యి వేసినవాళ్ల కేసులు వేరు, వాళ్లని బడి గుమ్మం తొక్కనివ్వకూడదు. నీది రాయడానికి సిగ్గెందుకు?

లెక్చర్ ఇవ్వకూడదనుకునే మొదలుపెట్టాను. ఇంకొక్కటి చెప్పి ఆపుతా. ధర్నా రోజు పోలీస్ స్టేషన్లోనే బెయిల్ ఇచ్చి సాయంత్రానికి వదిలేశారు. ఇప్పుడు సర్వీసులో ఉన్నావు, 48 గంటలు దాటి కస్టడీలో ఉంటే సస్పెండ్ అయినట్టే లెక్క. ఎవరు పిలిచినా ముందు నాకు చెప్పు.

ఫారం ఇంకా ఇవ్వకపోతే ఎఫ్ఐఆర్ నంబరు, సెక్షన్లతో సహా రాయి. 'లేదు' అని ఇచ్చేసి ఉంటే, ఎంక్వయిరీకి ఎవరూ రాకముందే హెచ్ఎం ద్వారా డీఈవో గారికి నువ్వే అర్జీ పెట్టుకో. అందినట్టు సంతకం, ముద్ర తీసుకో. ఒట్టి మాట మీద వచ్చేయకు.

శనివారం వచ్చేటప్పుడు ఎఫ్ఐఆర్ కాపీ, బెయిల్ కాయితం తే, ఇక్కడ జిరాక్సులు తీయిద్దాం. బస్సులో సంచి పైన పెట్టకు, ఒళ్లో పెట్టుకో. ఖాళీ టిఫిన్ డబ్బాలు కూడా తెమ్మంటోంది అమ్మ. పెద్ద స్టీలు డబ్బా మరీ మరీ చెప్పింది, అది మీ అమ్మమ్మదట.

ఆశీస్సులతో,
నాన్న