నాన్నా, ఆ సంతకం నీది కాదు

గ్లాస్గో
ఆదివారం రాత్రి

నాన్నకి,

మేం బాగానే ఉన్నాం. పాపకి జలుబు తగ్గింది, స్కూలుకి వెళ్తోంది. నా ఉద్యోగం మామూలే, కొత్తగా చెప్పడానికేం లేదు. ఫోన్లో నేను ఇక్కణ్నుంచి పంపిన పార్సిల్ మాట ఎత్తగానే "సర్లేమ్మా, పోనీలే" అని అమ్మకి ఇచ్చేస్తున్నావు. అందుకే రాస్తున్నాను. తమ్ముణ్ని పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసి ఇమ్మన్నాను. ఆ చిన్న ఫోన్లో చదివితే నీకు కళ్లు లాగుతాయి.

పార్సిల్ నువ్వు తీసుకోలేదు. తీసుకుని ఎక్కడో పెట్టి మర్చిపోలేదు. ఆ మాట మళ్లీ నీ నోట రాకూడదు.

అమ్మ అంతా చెప్పింది. బీరువా మొత్తం తీసి వెతికావట. స్టూలేసుకుని అటక కూడా ఎక్కావట. డెబ్భై దాటాక అటకలెక్కడమేంటి నాన్నా? ఆ కొరియర్ కౌంటర్లో కుర్రాడెవరో "మీరే తీసుకున్నారు సార్, సంతకం ఉంది, మీకు గుర్తులేదేమో" అన్నాడని నీ మీద నీకే అనుమానం వచ్చింది. పార్సిల్ పోయినందుకు బాధే, కానీ ఆ మాటకి నాకు కడుపు మండిపోయింది. ముప్ఫై ఏళ్లకు పైగా షిప్‌యార్డులో స్టోర్స్ లెక్కలు చూసిన మనిషిని పట్టుకుని అనే మాటా అది?

బుక్ చేసింది నేను కాబట్టి ఇక్కడి ఆఫీసుని ఆ సంతకం చూపించమని అడిగాను. మెయిల్ మీద మెయిల్ పెడితే చివరికి డెలివరీ షీటు ఫోటో పంపారు. దీంతోపాటు జత చేస్తున్నాను, భూతద్దం పెట్టుకుని చూడు. ఇంగ్లీషులో గొలుసుకట్టుగా గీసిన సంతకం, కింద అడ్డగీత, దాని కింద రెండు చుక్కలు. నువ్వెప్పుడైనా ఇంగ్లీషులో సంతకం పెట్టావా? బ్యాంకు పాస్‌బుక్కులో, నా ప్రోగ్రెస్ కార్డుల మీద, పింఛను కాగితాల మీద, ఎక్కడైనా తెలుగే కదా. ఇంటిపేరు పూర్తిగా రాసి, చివర జు కొమ్ము కాగితం అంచుదాకా లాగుతావు. అది నేను ఎక్కడున్నా గుర్తుపడతాను. షీటులో పక్క గడిలో ఫోన్ నంబరు ఉంది, అదీ నీది కాదు.

నాకు తోచినంతవరకు ఇదంతా పేరు వల్ల వచ్చింది. మనవైపు సింహాచలం అప్పన్న పేరు లేని ఇల్లేది? అప్పలరాజులు, అప్పారావులు, సింహాచలాలు, సింహాద్రులు వీధికి నలుగురుంటారు. కౌంటర్లోంచి పేరు పిలిచారు, అదే పేరున్న ఇంకొకాయన ముందుకొచ్చాడు, ఇచ్చేశారు. ఇంటిపేరు చూడలేదు, ఓటీపీ అడగలేదు. కస్టమ్స్‌కి కేవైసీ కావాలని నీ ఆధార్ కాపీ ముందే తీసుకున్నారు కదా, కనీసం దాంట్లో ఫోటో అయినా చూడాలి. అన్నీ వాళ్ల దగ్గరే పెట్టుకుని ఏదీ చూడకుండా, మతిమరుపు నీకు అంటగట్టారు.

ఆ పట్టుకెళ్లినాయన దొంగ అని నేననుకోవడం లేదు. తన పార్సిల్ కోసం వచ్చి, చేతికిచ్చింది తీసుకుపోయుంటాడు. అయితే ఆయన మనది తీసుకుపోతే ఆయనది ఇంకా అక్కడే ఉండాలి కదా! దాని మీద ఆయన ఫోన్ నంబరుంటుంది. తమ్ముణ్ని రేపు ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర కొరియర్ ఆఫీసుకి వెళ్లి అదే అడగమన్నాను. ఆ పేరు మీద ఎవరూ తీసుకోని పార్సిల్ ఏదైనా ఉందేమో చూడమనాలి. నంబరు మనకి ఇవ్వనక్కర్లేదు, వాళ్లే ఫోన్ చేసి ఆయన్ని పిలిపించాలి.

నువ్వు మాత్రం వెళ్లొద్దు. గాజువాక నుంచి ఆ ఎండలో బస్సెక్కి వెళ్లి మళ్లీ వాళ్ల మాటలు పడటం నాకిష్టం లేదు.

నోటిమాటగా ఏదీ వద్దు. తమ్ముడికి కంప్లైంటు రాసి పంపాను. డాకెట్ నంబరు (పార్సిల్ రసీదు మీది), తేదీ, లోపల ఏమేం ఉన్నాయో అంతా వివరంగా ఉంది. కౌంటర్ దగ్గర సీసీ కెమెరా రికార్డింగు చెరిగిపోకుండా దాచమని కూడా రాశాను. కొన్నాళ్లకి పాతది పోయి దాని మీద కొత్తది రికార్డవుతుంది, అందుకే తొందర. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద వాళ్ల స్టాంపు, తేదీ వేయించుకోవాలి. నువ్వు కస్టమ్స్ డ్యూటీ కట్టిన రసీదు మీద నీ పూర్తి పేరు, మన అడ్రసు ఉన్నాయి. దాని జిరాక్స్ మాత్రమే ఇవ్వండి, అసలుది నీ ఫైల్లోనే ఉంచు. సెటిలైపోయిందని ఏదైనా కాగితం మీద సంతకం పెట్టమంటే పెట్టకండి.

అప్పటికీ వినకపోతే 1915కి ఫోన్ చేయమన్నాను. అది వినియోగదారుల హెల్ప్‌లైను, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్ ఉండనే ఉంది. 2019 చట్టం ప్రకారం మనం ఉన్న ఊళ్లోనే కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు వాటికి ఫీజు లేదు, లాయరే ఉండాలని లేదు, రెండేళ్ల దాకా టైముంది. "కోర్టులూ అవీ మనకెందుకమ్మా" అంటావని తెలుసు. నాకు డబ్బు ముఖ్యం కాదు నాన్నా. నువ్వు మర్చిపోయావన్న మాట వాళ్లు వెనక్కి తీసుకోవాలి, అదీ రాతపూర్వకంగా.

మెమరీ టెస్టు చేయించుకుంటానన్నావట తమ్ముడితో. మొన్న పాప అడిగితే 1941 జూన్ 21న రాజేంద్ర ప్రసాద్ గారు విశాఖ షిప్‌యార్డుకి శంకుస్థాపన చేయడం దగ్గర్నుంచి 1948 మార్చి 14న నెహ్రూ గారు జల ఉష ఓడని నీళ్లలోకి దించడం దాకా తడుముకోకుండా చెప్పింది ఎవరు? బీపీ చూపించుకోవడానికి వెళ్లు, నేనే పంపిస్తాను. ఆ కుర్రాడి మాట పట్టుకుని మాత్రం వెళ్లకు.

నువ్వు ఇక్కడికొస్తే క్లైడ్ నది ఒడ్డుకి తీసుకెళ్తాను. ఓడల్లోకి రైలింజన్లు ఎక్కించిన పాత క్రేను అలాగే నిలబెట్టి ఉంచారు. ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు దాని పక్కనుంచి వస్తే షిప్‌యార్డు దగ్గర సింధియా జంక్షన్లో నీ కోసం ఎదురుచూసిన సాయంత్రాలు గుర్తొస్తాయి. చలికాలంలో ఇక్కడ నాలుగింటికే చీకటి పడిపోతుంది. ఆ టైములో కాస్త దిగులుగా ఉంటుంది, అంతే. కంగారు పడకు.

శాలువా, బీపీ మెషీను మళ్లీ కొనొచ్చు. నా ప్రాణమంతా పాప నోటుబుక్కు మీదే ఉంది. అ నుంచి ఱ దాకా తనే దిద్దింది, నేను చెయ్యి పట్టలేదు. చివరి పేజీలో డాల్ఫిన్స్ నోస్ కొండ, దాని మీద లైట్‌హౌసు, పక్కన కొండకంటే పెద్ద ఓడ, ఓడ మీద నువ్వు. నీ కళ్లజోడు ఎర్ర స్కెచ్‌పెన్నుతో వేసింది. తాతయ్య చూశారా అని రోజూ అడుగుతోంది. దార్లో ఉందని చెప్తున్నాను.

అమ్మా, ఇది నీకు. నాన్నని ఇంకేం అనకు. నీకు కోపం వచ్చింది శాలువా మీద కాదని తెలుసు, ఆయన అలా నీరుకారిపోతుంటే చూడలేకే అరుస్తున్నావు. కానీ ఆయనకి అది తిట్టులాగే వినిపిస్తుంది. మోకాళ్ల నూనె రాసుకుంటున్నావా? చందనోత్సవానికి ఈసారి తెల్లవారుజామున లైన్లో నిలబడొద్దు. అప్పన్నని తర్వాత తీరుబడిగా చూడొచ్చు. సున్నుండలు ఇప్పుడేం పంపకు, మీ అల్లుడు వచ్చినప్పుడు తెస్తారు.

తమ్ముణ్ని స్టాంపు వేసిన కాపీ ఫోటో తీసి వెంటనే పంపమను. ఇక్కడ నేను పెట్టిన క్లెయిముకి అది జత చేయాలి, గడువు దగ్గరపడుతోంది. దాంతోపాటు నువ్వో తెల్లకాగితం మీద మూడుసార్లు సంతకం పెట్టి ఇవ్వు నాన్నా, ఎప్పుడూ పెట్టేలాగే, కొమ్ము బాగా లాగి. అదీ పంపిస్తాను వాళ్లకి.

నీ
పెద్దమ్మాయి