వాయిద్యం నేర్చుకునే పిల్లల చేత ముందు పాడించండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మన విజయనగరంలో పిల్లల్ని వయొలిన్‌కో వీణకో కీబోర్డుకో పంపించే తల్లిదండ్రులు ఈమధ్య బాగానే కనిపిస్తున్నారు, చాలా సంతోషం. కానీ చేర్పించిన కొన్నాళ్ళకే వచ్చి "వయొలిన్ నేర్పమంటే పాడిస్తారేటండీ, మావోడికి గొంతు లేదు కదా" అని అడుగుతారు. నేను ఇంట్లో వయొలిన్ చెప్తాను, దానికి జవాబు మీ పేపర్లో అయితే అందరూ చదువుతారని రాస్తున్నాను.

వయొలిన్‌కి వేలు ఎక్కడ పెట్టాలో చూపించే మెట్లుండవు, ఏ స్వరం ఎక్కడుందో చెవే చెప్పాలి. మాయామాళవగౌళ రాగంలో మొదటి పాఠాలైన సరళీ వరసలు వాయిస్తున్న పిల్ల రిషభం (రి) దగ్గరకొచ్చేసరికి వేలు కొంచెం పైకి జారిపోద్ది, కింది రి అయిన శుద్ధ రిషభం కాస్తా పై రి అయిన చతుశ్రుతి వైపు పోతుంది, ఆ పిల్లకి మాత్రం తేడా తెలీదు ఎందుకంటే చూపంతా బోర్డు మీద అంటించిన స్టిక్కర్ మీదే ఉంటుంది. అప్పుడు కమాను పక్కన పెట్టించి, శృతిబాక్స్ ఒక్కటే ఆన్ చేసి స రి స, స రి స అని నెమ్మదిగా పాడిస్తాను. రెండు మూడుసార్లు తప్పుతుంది, తర్వాత షడ్జానికి (స) ఆనుకుని ఉన్న ఆ రి దొరుకుతుంది, దొరికినట్టు మొహంలోనే తెలిసిపోద్ది. మళ్ళీ వయొలిన్ తీశాక తప్పు పలికితే వేలు దానంతటదే వెనక్కి సర్దుకుంటుంది, నేను చెప్పక్కర్లేదు.

వీణకి 24 మెట్లున్నాయి కదా అంటారు. మెట్టు స్వరం ఇస్తుంది గానీ స్వరాన్ని ఊపి పలికించే గమకం ఇవ్వదు కదండీ, తోడి రాగంలో గాంధారం (గ) మెట్టు మీద వేలు ఊరికే పెట్టి మీటితే తోడి అవ్వదు, తీగ ఎంత లాగాలో పాడుకున్నవాళ్ళకే చేతికొస్తుంది. కీబోర్డు పిల్లల సంగతి ఇంకా కష్టం, మీట నొక్కితే స్వరం రెడీగా వచ్చేస్తుంది, చెవికి పనే లేదు, అందుకే సి శృతిలో నేర్చుకున్న పాట డి శృతిలో వాయించమంటే ఆగిపోతారు.

గొంతు బాగుండాలని ఎవరూ అడగట్లేదు. 13, 14 ఏళ్ళ మగపిల్లలు గొంతు మారే టైమ్‌లో సిగ్గుపడతారు, వాళ్ళని కింది స్థాయిలో కూనిరాగం తీయమన్నా చాలు, శృతిలో పడటమే కావాలి.

1919లో మన ఊళ్ళో సంగీత కళాశాల పెట్టినప్పుడు మొదటి ప్రిన్సిపాల్ హరికథ చెప్పే ఆదిభట్ల నారాయణదాసు గారు, వయొలిన్ చెప్పింది ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. అలాంటి ఊళ్ళో గాత్రం వేరు వాయిద్యం వేరు అనుకోవడం నాకు నిజంగా బాధగా ఉంది.

టీచర్లు కొత్త వరస ఏదైనా పాడించాకే వాయింపించాలని నా మనవి. ఇంట్లో అయితే ఫోన్‌లో తంబూరా యాప్ పెట్టి, టీవీ ఆపి, ఆ రోజు పాఠం తాళం వేసుకుంటూ ఓ పది నిమిషాలు పాడనివ్వండి. స్కూల్ యాన్యువల్ డేకి సినిమా పాట రెడీ చెయ్యమని టీచర్ని తొందరపెట్టడం మాత్రం మొదటి ఏడాది మానుకోండి, ఒక్కో స్వరం రెండేసిసార్లు పలికే జంట వరసలు గొంతులో కుదరకముందే పాట ఎక్కించేస్తే తర్వాత ఆ వేళ్ళని సరిచెయ్యడం చాలా కష్టమైపోతోంది.

ఇట్లు,
ఒక వయొలిన్ టీచర్, విజయనగరం