ముగ్గురికీ ఒకే ప్యాకెట్ వద్దు

శ్రీకాకుళం

చిట్టితల్లికి,

అమ్మ దీవించి రాసేది. ఇక్కడ అందరం క్షేమం. నువ్వడిగిన బియ్యం పాల సంగతి ఫోన్లో తేలేది కాదు, అందుకే రాస్తున్నాను. ఈ కాయితం వంటింట్లోనే పెట్టుకో.

ఇంటిల్లిపాదికీ పాలు మానిపించేసి, బియ్యంతో చేసే ఆ రైస్ డ్రింక్ ప్యాకెట్లు తెప్పిస్తే గొడవ వదిలిపోతుందనుకుంటున్నావు. అలా వదలదమ్మా. అల్లుడుగారికి అది సరిపోతుంది. గుంటడికి, అదే మన బుజ్జి మనవడికి, ఇప్పుడే వద్దు. మీ అత్తగారికి అసలే వద్దు.

అల్లుడుగారిది తేలిగ్గా తేలిపోయేది. పాలు తాగిన అరగంట నుంచి రెండు గంటల్లోపు కడుపుబ్బరం, గుడగుడ, విరేచనం అవుతున్నాయంటే పాలలో ఉండే లాక్టోజ్ అనే చక్కెర అరగడం లేదన్నమాట. అరగని ఆ చక్కెర పెద్దపేగులో పులిసి గాలి పుట్టిస్తుంది. ఇది ఇబ్బందే గానీ ప్రమాదం కాదు. ఇలాంటి వాళ్లలో చాలామంది ఒక గ్లాసు పాలంత, అంటే సుమారు 12 గ్రాముల లాక్టోజ్‌ని, భోజనంతో కలిపి తీసుకుంటే తట్టుకుంటారు. పెరుగు తోడుకునేటప్పుడే కొంత లాక్టోజ్ తగ్గిపోతుంది కాబట్టి మజ్జిగన్నం ఆయన మానక్కర్లేదు. నెయ్యిలో లాక్టోజ్ లేనట్టే. పొద్దున్న టీకి, కాఫీకి మాత్రమే బియ్యం పాలు చాలు. లాక్టోజ్ తీసేసిన పాల ప్యాకెట్ దొరికితే ఇంకా మేలు, ఎందుకంటే పాలలో ఉండే మాంసకృత్తులు, కాల్షియం ఏవీ పోవు.

కానీ ఆ లాక్టోజ్ లేని ప్యాకెట్ ఇంట్లోకి వచ్చిందంటే గుంటడికి అందకుండా పెట్టాలి. వాడిది అరుగుదల గొడవ కాదు, పాల మాంసకృత్తులకి ఎలర్జీ అని డాక్టరు తేల్చారు కదా. లాక్టోజ్ తీసినా ఆ మాంసకృత్తులు అందులో పూర్తిగా ఉంటాయి. అందుకే అల్లుడుగారి ప్యాకెట్ మీద పెద్ద అక్షరాలతో పేరు రాసి, ఫ్రిజ్‌లో పై అరలో పెట్టు. ఆవుపాలు పడనివాడికి మేకపాలు పడతాయని ఎవరో ఒకరు సలహా ఇస్తారు, వినకు. గేదెపాలు, మేకపాలలోని మాంసకృత్తులు ఆవుపాలవాటిని పోలినవే. నెయ్యిలో కూడా ఆనవాళ్లు మిగులుతాయి, కాబట్టి డాక్టరు సరే అనేదాకా వద్దు. చుట్టాలొచ్చినప్పుడు మరీ జాగ్రత్త. మందస కోవా తెచ్చి ప్రేమగా వాడి నోట్లో పెట్టేస్తారు, అదంతా చిక్కబడ్డ పాలే. వాడికి తీపి కావాలంటే భీమాళి మామిడి తాండ్ర ముక్క ఇవ్వమని ముందే చెప్పి ఉంచు. దద్దుర్లతోపాటు పెదాలు వాచినా, పిల్లికూతలు వచ్చినా, వరసగా వాంతులయినా ఇంటి వైద్యం వద్దు, వెంటనే 108కి ఫోన్ చెయ్యి.

మరి పాలు పడని పిల్లాడికి బియ్యం పాలు ఎందుకు వద్దంటున్నానంటే రెండు కారణాలు. గ్లాసు ఆవుపాలలో 8 గ్రాముల దాకా మాంసకృత్తులు ఉంటాయి. అంతే బియ్యం పాలలో 1 గ్రాము కూడా ఉండవు. కడుపు నిండిపోతుంది, ఒళ్లు కట్టదు. ఏడాది లోపు పసివాళ్లకి పాలకి బదులు దీన్నే పట్టించి, మాంసకృత్తులు చాలక ఒళ్లు నీరు పట్టిన కేసులు వైద్యుల రికార్డుల్లో ఉన్నాయి. రెండోది ఆర్సెనిక్ అనే విషపదార్థం. వరి నీళ్లు నిలిచిన మడిలో పెరుగుతుంది, అందుకే మిగతా ధాన్యాల కన్నా మట్టిలోని ఆర్సెనిక్‌ని ఎక్కువ పీల్చుకుంటుంది. పెద్దవాళ్లు రోజుకో గ్లాసు తాగితే లెక్కలోకి రాదు. 13 కిలోల పిల్లాడు పాలకి బదులుగా రోజూ మూడు గ్లాసులు తాగితే వాడి బరువుకి అది ఎక్కువే. బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ అయిదేళ్ల లోపు పిల్లలకి పాలకి బదులు బియ్యం పానీయం ఇవ్వొద్దని చెప్పింది ఇందుకే. దంపుడు బియ్యంతో చేస్తే బలం కదా అంటావేమో. ఆర్సెనిక్ ఎక్కువగా చేరేది తవుడు పొరలోనే, అందుకని పిల్లల విషయంలో ఆ లెక్క పనిచెయ్యదు.

గుంటడికి సోయా పడుతుందో లేదో డాక్టర్ని అడుగు. పడితే, కాల్షియం కలిపిన, చక్కెర వెయ్యని సోయా పానీయం పాలకి దగ్గరగా వస్తుంది. పడకపోతే వాళ్లే వేరే పాలపొడి రాసిస్తారు. అది ఖరీదే, అయినా అక్కడ బేరం వద్దు. ఏదీ లేకుండా కూడా పూట గడుస్తుంది, పప్పు, గుడ్డు, చేప సరిగ్గా తింటే. కాల్షియానికి మన చోళ్లని (రాగులని) మించింది లేదు, 100 గ్రాముల్లో 360 మిల్లీగ్రాముల పైనే ఉంటుంది. మునగాకు కూడా దాదాపు అంతే. పొట్టు తియ్యని నువ్వులు పొడి కొట్టి ముద్దలో కలుపు. పొట్టుతోపాటే కాల్షియంలో ఎక్కువ భాగం పోతుంది, తెల్లగా మెరిసే నువ్వులు కొనకు. నెత్తళ్లు ముల్లుతో సహా నలిగేలా వండితే అదీ కాల్షియమే.

మీ అత్తగారికి షుగరు. పాలు ఆవిడకి ఏ ఇబ్బందీ చెయ్యడం లేదు కదా, మార్చడం దేనికి? బియ్యం పాలు చేసేటప్పుడు ఎంజైమ్ వేసి పిండిపదార్థాన్ని చక్కెరగా విరగ్గొడతారు. అందుకే చక్కెర వెయ్యకపోయినా తియ్యగా ఉంటుంది, తాగగానే రక్తంలో చక్కెర ఎగబాకుతుంది. గ్లాసులో పిండిపదార్థాలు 22 గ్రాముల దాకా ఉంటాయి. “నో యాడెడ్ షుగర్” అన్న మాట చూసి ఆవిడకి పోసెయ్యకు. ఆ కింద పట్టికలో మొత్తం చక్కెర ఎంతో చూడు. వదినగారిని ఎప్పుడూ తాగే పాలే తాగమను.

ఇక కొనేటప్పుడు. మొక్కల నుంచి తీసిన పానీయాలని “మిల్క్” అని అమ్మకూడదని మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2021లో గట్టిగా చెప్పింది, కాబట్టి రైస్ డ్రింక్ అనో రైస్ బెవరేజ్ అనో అడుగు. మీ ఊరి గంటస్తంభం దగ్గర షాపుల్లో దొరక్కపోతే ఆన్‌లైన్లో తెప్పించుకోవాలి. ముందువైపు బొమ్మ వదిలేసి ప్యాకెట్ తిప్పు. 100 మి.లీ.కి కాల్షియం 120 మిల్లీగ్రాములకి తగ్గకూడదు, విటమిన్ డి, బి12 కలిపి ఉండాలి. కాల్షియం అడుక్కి దిగిపోతుంది కాబట్టి ప్రతిసారీ బాగా గిలక్కొట్టి పొయ్యాలి. లేకపోతే ఆ కాల్షియమంతా ఖాళీ ప్యాకెట్‌తో చెత్తబుట్టలోకి పోతుంది. బాదంతోనో జీడిపప్పుతోనో కలిపినవి, సోయా లెసిథిన్ వేసినవి కూడా రైస్ పేరుతోనే వస్తాయి. కొన్నిట్లో ఎంజైమ్ బార్లీ మొలకల నుంచి తీస్తారు. మీ ఇంట్లో గ్లూటెన్ (గోధుమ, బార్లీల్లో ఉండే మాంసకృత్తు) పడనివాళ్లు లేరు గానీ, అలాంటి చుట్టాలొస్తే గుర్తుంచుకో. కాఫీలో వేసే పొడుల మీద “నాన్ డెయిరీ” అని ఉన్నా లోపల సోడియం కేసినేట్ ఉండొచ్చు. అది అచ్చంగా పాల మాంసకృత్తే. కేసిన్, కేసినేట్, వే (పాల విరుగుడు తేట), పాల ఘనపదార్థాలు, ఈ నాలుగూ ఎక్కడ కనిపించినా గుంటడికి దూరం.

అల్లుడుగారి టీకి ఇంట్లోనే చేసుకోవచ్చు. బియ్యం నానబెట్టి మిక్సీలో తిప్పి వడగట్టేస్తే అయిపోయిందని వీడియోల్లో చూపిస్తారు. అది పచ్చి పిండి నీళ్లు. కాసేపుంచితే అడుగున తెల్లగా పేరుకుంటుంది, నోటికి పిండి తగులుతుంది, పొయ్యి మీద పెడితే 70 డిగ్రీల దగ్గర పిండి ఉబ్బి గంజయిపోతుంది. టీలో పోస్తే టీ అంబలిలా చిక్కబడేది ఇందుకే. పిండిని విరగ్గొట్టకపోతే ఎన్నిసార్లు చేసినా ఇంతే. దానికి మనకి ఫ్యాక్టరీ ఎంజైమ్ అక్కర్లేదు, మొలకెత్తిన చోళ్లలో అది దండిగా ఉంటుంది.

చోళ్లు పావుకిలో కడిగి 12 గంటలు నానబెట్టు. నీళ్లు వంపేసి తడిగుడ్డలో వదులుగా మూటకట్టి రెండు రోజులుంచు. పూటకోసారి నీళ్లు చిలకరించు. బూజు వాసన వచ్చినా నల్లమచ్చలు కనిపించినా మొత్తం పారెయ్యి. మొలక గోరంత అయ్యాక ఎండలో గలగలలాడేలా ఎండబెట్టి, చేత్తో నలిపి మొలకల వేళ్లు చెరిగేసి పొడి కొట్టు. వేయించకూడదు. వేడికి ఎంజైమ్ చచ్చిపోతుంది. అందుకే బజార్లో కొన్న రాగి మాల్ట్ ఈ పనికి సాధారణంగా పనికిరాదు.

బియ్యం మీ ఇంట్లో ఉన్నవే చాలు, కాకపోతే కనీసం ఆరు నెలల పాతవై ఉండాలి. కొత్త బియ్యం జిగురు. రాగోలు పరిశోధనా స్థానం వాళ్ల శ్రీకాకుళం సన్నాలయినా, సాంబమసూరయినా సరే. 100 గ్రాములు కడిగి, 600 మి.లీ. నీళ్లలో మెత్తగా ఉడికించి గంజి వార్చెయ్యి. ఇలా ఎక్కువ నీళ్లలో వండి వారిస్తే ఆర్సెనిక్ దాదాపు సగం ఆ గంజితో పోతుంది, జిగురూ తగ్గుతుంది. ఆ గంజి బలమని గుంటడికి పట్టొద్దు, కరివేపాకు మొక్కకి పొయ్యి.

అన్నాన్ని 300 మి.లీ. నీళ్లతో మిక్సీలో తిప్పి, ఇంకో 200 మి.లీ. కలిపి, అడుగంటకుండా కలుపుతూ బుడగలొచ్చేదాకా కాయి. దింపి 400 మి.లీ. మామూలు నీళ్లు పోసి కలుపు. ఇప్పుడు వేడి 65 నుంచి 70 డిగ్రీల మధ్యకి రావాలి. వంటింటి థర్మామీటర్ కొనుక్కోవడం మంచిది, లేకపోతే మూత లేకుండా పది నిమిషాలు ఆగు. మరీ వేడిగా ఉండగా వేస్తే ఎంజైమ్ పాడవుతుంది, చల్లారిపోయాక వేస్తే పని సాగదు. ఒక చెంచా చోడి మొలకల పొడి చల్లటి నీళ్లలో జారుగా కలిపి పోసి తిప్పు. అక్కడే నిలబడి చూడు. గరిటె ఎత్తితే తాడులా సాగే గంజి పది నిమిషాల్లో నీళ్లలా పలచగా కారిపోతుంది, గరిటె వెనక అంటుకున్న పొర కూడా జారిపోతుంది. కారలేదంటే పొడి వేయించినదైనా అయ్యుండాలి, వేడైనా తప్పి ఉండాలి. మూతపెట్టి తువ్వాలు చుట్టి అరగంట ఉంచు.

తర్వాత పల్చటి నూలుగుడ్డలో వడకట్టు. ఆత్రంగా పిండకు, పిప్పి కిందికి దిగి గరగరలాడుతుంది. వడకట్టింది అయిదు నిమిషాలు మరిగించాలి, ఇది మానకూడదు. పచ్చి మొలకల పొడిలో ఉన్న సూక్ష్మక్రిములు చావాలి, ఎంజైమ్ కూడా ఆగాలి, లేకపోతే ఇంకా తియ్యబడుతూ పోతుంది. చిటికెడు ఉప్పు, రెండు చెంచాల సన్‌ఫ్లవర్ నూనె వేసి మిక్సీలో ఒక్కసారి తిప్పితే నీళ్లలా అనిపించదు. చోళ్ల రంగు కొంచెం దిగుతుంది, దానికేం కాదు. గిన్నెని చన్నీళ్ల పళ్లెంలో పెట్టి చల్లార్చి గంటలోపు ఫ్రిజ్‌లో పెట్టు. ఉడికిన బియ్యంలో బాసిల్లస్ అనే క్రిమి విత్తనాలు మరుగుకీ చావవు, మన ఎండల్లో గట్టు మీద వదిలితే మళ్లీ పెరుగుతాయి, అది విడిచిన విషం మళ్లీ కాచినా పోదు. రెండు రోజుల్లో వాడెయ్యి. పుల్లటి వాసన, తీగ సాగడం కనిపిస్తే రుచి చూడకుండా పారబొయ్యి.

టీ డికాషన్ చిక్కగా మరిగించి, దింపే ముందు వేడి బియ్యం పాలు పొయ్యి. ఇందులో మాంసకృత్తులు లేనట్టే కాబట్టి పెద్దగా విరగదు, అదే కారణంగా తోడు వేసినా పెరుగవ్వదు, ఆ ప్రయత్నం చెయ్యకు. ఇంట్లో చేసినదాంట్లో కలిపిన కాల్షియం ఉండదని మాత్రం మర్చిపోకు. పెద్దవాళ్లకి రోజుకి 1000 మిల్లీగ్రాములు కావాలని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. అల్లుడుగారు మజ్జిగ, చోడి అంబలి వదలకూడదు.

మీ నాన్నతో చోడి మొలకల పొడి ఒక డబ్బా పంపిస్తున్నాను. తడి చెంచా పెట్టకుండా ఫ్రిజ్‌లో దాచు. ఈసారి గుంటడిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లినప్పుడు సోయా సంగతి, మళ్లీ ఎలర్జీ పరీక్ష ఎప్పుడన్నది రెండూ అడిగి ఆ రాత్రే ఫోన్ చెయ్యి. చాలామంది పిల్లలకి ఎదిగేకొద్దీ ఇది తగ్గిపోతుంది. అయితే తగ్గిందో లేదో ఆసుపత్రిలోనే చూడాలి, ఇంట్లో చెంచాడు పాలు పట్టి చూడకూడదు.

దీవెనలతో,
అమ్మ