గ్రౌండు గేటు తాళం తీయించండి

సంపాదకుల వారికి నమస్కారం.

నేను గాజువాకలో జాకెట్లు కుట్టే టైలర్‌ని. వయసు 44. డిసెంబరులో మన బీచ్ రోడ్డులో జరిగిన పది కిలోమీటర్ల పరుగు 62 నిమిషాల 17 సెకన్లలో పూర్తి చేశాను. కిందటేడు ఇదే దూరానికి 69 నిమిషాల 50 సెకన్లు పట్టింది. ఈ ఏడున్నర నిమిషాలు ఎలా తగ్గాయో చెప్పి, ఒక విన్నపం చేసుకుందామని ఈ ఉత్తరం రాస్తున్నాను.

కిందటేడు ప్రాక్టీసంతా రోడ్డు మీదే. మా వైపు రోడ్ల సంగతి తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. తెల్లారకముందే లారీలు మొదలవుతాయి. సందుల్లోకి వెళ్దామంటే కుక్కలు. చేతిలో కర్ర పట్టుకుని పరిగెత్తేదాన్ని. అవి వెంటపడితే ఆగి నిలబడాలి, అవి పోయాక మళ్లీ మొదలు. ఒకే వేగంతో రెండు కిలోమీటర్లు ఏ రోజూ పరిగెత్తింది లేదు. బీచ్ రోడ్డులో నడిచేవాళ్ల కోసం తెల్లవారుజామున బళ్లు ఆపుతారు, అది చాలా మంచి పని. కానీ నేను మల్కాపురం, సింధియా మీదుగా అక్కడికి వెళ్లి వచ్చేసరికి ఇంట్లో వంటా కాదు, షాపూ తెరవలేను.

మార్చిలో ఒకరోజు మా ఇంటికి దగ్గర్లో ఉన్న స్కూలు గ్రౌండు వాచ్‌మన్ బాబాయ్ నన్ను చూసి, "ఆ కుక్కల్తో నీకేటమ్మా, లోపలికొచ్చి తిరుగు" అని గేటు తీశాడు. అప్పటినుంచి రోజూ అయిదింటికి ఆ గొలుసు చప్పుడు వినపడేది. నేను వెళ్లేసరికి తాళం తీసి, గొలుసు ఊచకి చుట్టి పెట్టేవాడు.

గ్రౌండు చుట్టూ ఎంతుందో ఎవరికీ తెలియదు. జాకెట్లు కొలిచే టేపుతో ఒక తాడుని పది మీటర్లు కొలిచి, నేనూ మా అమ్మాయీ చెరో కొస పట్టుకుని చుట్టూ వేసుకుంటూ వెళ్లాం. ఇరవై ఎనిమిది తాళ్లు, పైన నాలుగు మీటర్లు. అంటే రౌండుకి 284 మీటర్లు. ముప్పై అయిదు రౌండ్లు తిరిగితే పది కిలోమీటర్లకి అరవై మీటర్లు తక్కువ. మొదలుపెట్టే చోట ముగ్గుతో గీత గీశాం. వాన పడ్డాక మళ్లీ గీసుకునేవాళ్లం. అప్పుడే నాకు నా వేగం ఎంతో తెలిసింది. మొదట్లో రౌండుకి రెండు నిమిషాలు పట్టేది. అక్టోబరు చివరికి ఒక నిమిషం నలభై ఆరు సెకన్లకు వచ్చింది. పగలంతా మిషన్ మీద కూర్చుని పట్టేసే నా నడుముకి ఆ మెత్తటి మట్టి ఎంత సుఖమో చెప్పలేను.

ఒక్కదాన్ని వెళ్లిన చోటికి దసరా నాటికి ఏడుగురం అయ్యాం. ఇద్దరు నడిచేవాళ్లు, మిగతావాళ్లం పరిగెత్తేవాళ్లం. అందులో ఒకావిడకి షుగర్. రోడ్డు మీద నడవడానికి భయపడి అంతకుముందు డాబా మీదే తిరిగేది.

పరుగు రోజు నంబరు కాగితం వెనక చిప్ ఉంటుంది. స్టార్టింగ్‌లో పరిచిన మ్యాట్ మీద మనం కాలు పెట్టాకే మన టైమ్ మొదలవుతుంది. అది తెలియక కిందటేడు తోసుకుని ముందుకెళ్లి, మొదటి రెండు కిలోమీటర్లలోనే అలిసిపోయాను. ఈసారి వెనక నిలబడి, గ్రౌండులో అలవాటైన వేగంతోనే వెళ్లాను. కైలాసగిరి వైపు వెళ్లి యూ-టర్న్ తీసుకున్నాక ఎడమ చెంప మీద ఎండ మొదలైంది. ఎనిమిదో కిలోమీటరు దగ్గర ఊపిరి అందలేదు, కాళ్లు బిగుసుకుపోయాయి. అది మా గ్రౌండులో ఇరవై ఎనిమిదో రౌండు. ఇంకా ఏడే కదా అనుకున్నాను. అక్కడినుంచి కిలోమీటర్ల బోర్డులు చూడలేదు, రౌండ్లే లెక్కపెట్టుకున్నాను. సబ్‌మెరైన్ మ్యూజియం కనపడేసరికి వేళ్లు మడిచి ఉన్నాయి, ఇంకా మూడు. ఫోన్‌కి టైమ్ మెసేజ్ వచ్చినప్పుడు మా అమ్మాయి చదివి వినిపించింది. నేను కళ్లనీళ్లు పెట్టుకున్నాను. ముందుగా ఆ బాబాయ్‌కే చెప్పాలనిపించింది.

మర్నాడు మిఠాయి పట్టుకుని వెళ్తే ఆయన లేడు. పని మానేసి ఊరెళ్లిపోయాడట. కొత్తగా వచ్చినాయన గేటుకి తాళం వేసి, స్కూలు టైమ్‌కే తీస్తున్నాడు. రాత్రిళ్లు ఎవరో గోడ దూకి లోపల తాగి సీసాలు పగలగొడుతున్నారని కారణం చెప్పారు. ఆ సీసా పెంకుల్ని ఏరిన చేతులు మావే, కాబట్టి స్కూలువాళ్ల బాధ మాకు తెలుసు. కానీ రాత్రి గోడ దూకేవాళ్లకి గేటు తాళం అడ్డం కాదు. ఆగిపోయింది తెల్లారి గేటు గుండా వచ్చే మాలాంటివాళ్లమే.

పారిస్ 2024 ఒలింపిక్స్‌లో 100 మీటర్ల హర్డిల్స్ పరిగెత్తిన తొలి భారతీయురాలు మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ. హర్డిల్స్‌కి పనికొస్తుందని ఆమెను మొదట గుర్తించింది స్కూలు వ్యాయామ ఉపాధ్యాయుడే. స్కూలు గ్రౌండులో మా వెనక పరిగెత్తడానికి వచ్చే ఆడపిల్లలు ఇద్దరున్నారు, ఒకమ్మాయి తొమ్మిదో తరగతి. గేటు మూసినప్పటినుంచి ఆ పిల్లలు రావడం మానేశారు.

సంబంధిత అధికారులకు మా విన్నపం ఇదీ. తెల్లవారుజామున అయిదు నుంచి ఆరున్నర దాకా మా గ్రౌండే కాదు, ఇలాంటి స్కూలు గ్రౌండ్లన్నీ తెరిపించండి. వాచ్‌మన్‌కి అదనపు పని అవుతుందంటే తాళంచెవి మాకివ్వండి. రోజుకొకరం రిజిస్టరులో పేరు, ఫోన్ నంబరు రాసి సంతకం పెట్టి తీసుకుంటాం. ఆరున్నరకి గ్రౌండంతా ఒకసారి చూసి, చెత్త ఉంటే ఏరి, తాళం వేసి చెవి తిరిగి ఇస్తాం. ఏడుగురి సంతకాలతో అర్జీ రాసి సిద్ధంగా ఉంచాం. ఎవరికి ఇవ్వాలో చెబితే నేనే స్వయంగా తెచ్చి ఇస్తాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
గాజువాక, విశాఖపట్నం