కౌంటర్ దగ్గర మేం మానేసిన మాటలు

మా మందుల షాపుకి వచ్చే అందరికీ నమస్కారం. ఈ మధ్య మీ దగ్గర ఆలస్యమవుతోందేంటని కొందరు అడుగుతున్నారు. నిజమే, అవుతోంది. ఎందుకో చెప్పాలి కదా.

మానసిక సమస్యలకు మందులు వాడేవాళ్లతో మాట్లాడే తీరూ, వాళ్ల గురించి మాట్లాడే తీరూ మార్చుకున్నాం. ఒక్కొక్కరితో కాస్త ఎక్కువసేపు మాట్లాడుతున్నాం, ఆలస్యం అందుకే. "మెంటల్ మందులు", "పిచ్చి మాత్రలు", "సైకో కేసు" లాంటివి మా షాపులో ఇక వినపడకూడదు. కౌంటర్ దగ్గరే కాదు, లోపల ర్యాకుల మధ్య స్టాఫ్ తమలో తాము మాట్లాడుకునేటప్పుడు కూడా. లోపల నోటికి అలవాటైన మాట రద్దీలో బయట జారకుండా ఉండదు.

ఇందులో కొత్తగా నేర్చుకోవాల్సింది పెద్దగా లేదు. "ఆయనకు షుగర్ ఉంది", "ఆమెకు బీపీ ఉంది" అని రోజూ అంటూనే ఉంటాం. జబ్బు మనసుదైతే మాత్రం "ఆయన మెంటల్", "ఆమె డిప్రెషన్ కేసు" అయిపోతారు. "ఆయనకు స్కిజోఫ్రీనియా ఉంది", "ఆమె డిప్రెషన్‌కి మందు వాడుతున్నారు" అంటే సరిపోతుంది. అసలు చాలాసార్లు జబ్బు పేరెత్తే పనే ఉండదు. టోకెన్ నంబరు పిలిస్తే చాలు. "లిథియం ఎవరిదండీ?" అని పదిమందిలో కేకేస్తే, ఆ "అండీ" వల్ల ఒరిగేదేమీ లేదు.

మర్యాద కోసం ఇంత హడావిడా అని మా షాపులోనే ఒకరు అడిగారు. మర్యాద ఎలాగూ ఉండాలి. నాకు అంతకంటే పెద్ద భయం ఇంకోటి ఉంది. చులకనగా చూస్తారనిపిస్తే ఆ మనిషి మాకు ఏమీ చెప్పరు. ఈ మందుల్లో చెప్పకపోవడం ప్రమాదం. బైపోలార్ అనే మానసిక జబ్బుకి ఇచ్చే లిథియమే చూడండి. రక్తంలో ఉండాల్సిన మోతాదుకీ, విషమయ్యే మోతాదుకీ మధ్య దూరం చాలా తక్కువ. అందుకే మధ్యమధ్యలో రక్తపరీక్ష చేయిస్తారు. అది వాడుతున్న మనిషి ఆ సంగతి దాచి, ఒళ్లునొప్పులకని ఐబుప్రొఫెన్ అడిగి తీసుకెళ్తే రక్తంలో లిథియం పెరగొచ్చు. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినా అంతే. స్కిజోఫ్రీనియాకి ఇచ్చే క్లోజపిన్ వాడేవాళ్లకు, ఇన్ఫెక్షన్‌ని అడ్డుకునే తెల్లరక్తకణాలు బాగా పడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి జ్వరం, గొంతునొప్పి వస్తే వెంటనే డాక్టరుకి చెప్పాలి. అదే మందుతో మలబద్ధకం ప్రాణం మీదకి తెచ్చేంతగా ముదరొచ్చు. ఆ మాట చెప్పడానికి మామూలుగానే మొహమాటపడతాం. పక్కన "ఆయన అదో టైపు" అని ఎవరో గుసగుసలాడుతుంటే ఇంకేం చెప్తారు?

డిప్రెషన్, ఆందోళనలకు వాడే సెర్ట్రాలిన్, ఎస్సిటాలోప్రామ్ లాంటివి గుణం చూపించడానికి కొన్ని వారాలు పడుతుంది. వికారం లాంటి ఇబ్బందులు మాత్రం మొదట్లోనే వస్తాయి. చాలామంది సరిగ్గా అక్కడే మానేస్తారు. కొన్నాళ్లు వాడి ఒక్కసారిగా ఆపితే తలతిరుగుడు, చిరాకు, తలలో కరెంటు షాక్ కొట్టినట్టు అనిపించడం ఉండొచ్చు. జబ్బు తిరగబెట్టిందేమోనని హడలిపోతారు. ఇవన్నీ ముందే విప్పి చెప్పాలంటే ఎదుటి మనిషి కూడా నోరు విప్పేలా ఉండాలి.

ఈమధ్య ఒక తల్లి ముప్పై ఏళ్లుండే కొడుకుతో కలిసి వచ్చారు. ఇదివరకైతే "అమ్మా, బాబు నిద్రపోతున్నాడా?" అని ఆవిడనే అడిగేవాళ్లం. ఈసారి మా ఫార్మసిస్టు అతని వైపు తిరిగి, "మీకు నిద్ర ఎలా పడుతోందండీ?" అంది. అతను ముందు అమ్మ వంక చూశాడు. కాసేపాగి, "రాత్రి బాగానే పడుతోంది. పగలే మగత. పొద్దుటి మాత్ర వేసుకోవట్లేదు" అన్నాడు. ఆవిడకు ఆ సంగతి తెలియదు. అతని అనుమతితో డాక్టరుగారికి ఫోన్ చేస్తే, మాత్ర వేసుకునే వేళ మార్చారు. "మందు సరిగ్గా వేసుకోడు, మొండి" అని రాసిపెట్టుకుని ఉంటే కథ అక్కడితో ముగిసేది. అందుకే కంప్యూటర్లో కస్టమర్ల పేర్ల పక్కన ఉండే అలాంటి వ్యాఖ్యలన్నీ తీసేయిస్తున్నాం.

ఇంకో సంగతి. తీవ్రమైన మానసిక వ్యాధులున్నవాళ్లు మిగతావాళ్ల కంటే 10 నుంచి 20 ఏళ్లు ముందే చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అందులో ఎక్కువ భాగం గుండెజబ్బుల్లాంటి శరీర సంబంధమైన రోగాల వల్లే. ఛాతీలో నొప్పి అంటే "టెన్షన్ వల్లేలే" అని కొట్టిపారేయడం ఎంత ఖరీదైన మాటో దీన్నిబట్టి తెలుస్తుంది. ఒలాంజపిన్ లాంటి మందులతో బరువు, షుగర్ పెరగొచ్చు కాబట్టి, వాటి గురించి మేమే అడుగుతున్నాం.

లైనులో వెనక నిలబడేవాళ్లకు ఒక మనవి: పక్కవాళ్ల చీటీలోకి తొంగి చూడకండి. చూసినా ఊహించుకోకండి. మానసిక సమస్యలకు ఇచ్చే మందుల్నే వేరే జబ్బులకీ వాడతారు. అమిట్రిప్టిలిన్ మైగ్రేన్ రాకుండా ఉండటానికీ ఇస్తారు. డులోక్సెటిన్ షుగర్ వల్ల వచ్చే నరాల నొప్పికీ, వాల్‌ప్రోయేట్ మూర్ఛకీ ఇస్తారు. మందు పేరుని బట్టి జబ్బు చెప్పడం మా వల్లే కాదు.

అందరికీ ఇది నచ్చిందని చెప్పను. "నా జబ్బుని నేను పిచ్చి అనే అంటాను, మీకెందుకు బాధ?" అన్నారొకాయన. ఆయన జబ్బు, ఆయన ఇష్టం. కానీ అదే మాట మేం అనలేం కదా. ఆటిజం ఉన్నవాళ్లలో చాలామంది తమని "ఆటిస్టిక్" అనే పిలవమంటారు. ఎవరు ఎలా పిలవమంటే అలాగే పిలుస్తాం. మీలో ఎవరికైనా సినిమా పిచ్చి ఉంటే దాని జోలికి రాం, భయపడకండి.

మా చేతకాని విషయం చోటు. విడిగా కూర్చుని మాట్లాడటానికి గది లేదు. కౌంటర్ ఆ చివర ఒక కుర్చీ వేసి, లైను కాస్త వెనక్కి జరిపాం. గొంతు తగ్గించి మాట్లాడినా కొన్ని మాటలు వినపడుతూనే ఉన్నాయి. అక్కడ ఇబ్బందిగా ఉంటే ఫోన్లో అడగండి, ఫార్మసిస్టుకే ఇస్తాం. బిల్లు మీద మందు పేరు తప్పదు గానీ, బిల్లు కవర్ లోపల పెట్టి ఇస్తాం. తొందరలో ఉన్నవాళ్లు చీటీ ముందే పంపితే మందులు తీసి ఉంచుతాం. క్లోజపిన్ గానీ ఒలాంజపిన్ గానీ వాడుతూ సిగరెట్లు మానేద్దామనుకుంటుంటే మాత్రం, మానే ముందే డాక్టరుకో మాకో చెప్పండి. పొగ ఆపగానే రక్తంలో ఆ మందు పెరుగుతుంది, మోతాదు మార్చాల్సి రావచ్చు.