ఒకే పెట్టె కాదు, నూరు శిల్పాలు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో ఆధునిక శిల్పకళపై వచ్చిన వ్యాసంలో అమెరికన్ శిల్పి డోనల్డ్ జడ్ గురించి రెండు పేరాలు రాసి, టెక్సాస్‌లోని మార్ఫా ఊళ్లో ఉన్న ఆయన అల్యూమినియం శిల్పాల ఫొటో వేసి, దాని కింద ‘ఒకే పెట్టె నూరుసార్లు’ అని రాశారు. వ్యాసం మొత్తం మీద నాకు పేచీ లేదు, ఆ మూడు మాటల మీదనే ఉంది.

పాలిటెక్నిక్‌లో ఇరవై ఆరేళ్లు డ్రాయింగ్ చెప్పినవాణ్ణి కనుక కొలతలతోనే మొదలుపెడతాను. 1982 నుంచి 1986 వరకు తయారైన ఆ నూరు శిల్పాలకూ బయటి కొలతలు ఒకటే: ఎత్తు 41 అంగుళాలు, వెడల్పు 51, పొడవు 72. మీ ఫొటో కింది మాట అంతవరకే నిజం. లోపలి అమరిక మాత్రం ఏ రెండింటిలోనూ ఒకేలా ఉండదు. ఒకదానిలో నడుమ నిలువు పలక ఉంటే ఇంకొకదానిలో అది ఏటవాలుగా దిగుతుంది, వేరొకదానికి పక్కలు తెరిచి ఉండి అవతలి గోడ దాకా కనిపిస్తుంది. బయటి కొలతను కదలనివ్వలేదు కనుకనే ఈ తేడాలు కంటికి ఆనుతున్నాయి. అది కూడా మారుతూ పోతే ఏది పెద్దది, ఏది చిన్నది అని చూడడంతోనే సరిపోయేది.

రెండేళ్ల కిందట డల్లాస్‌లో మా అబ్బాయి ఇంటికి వెళ్లినప్పుడు, దాదాపు రోజంతా కారులో ప్రయాణం చేసి వాటిని చూసి వచ్చాను. అవి ఉన్నవి ఒకప్పుడు సైన్యం ఫిరంగులు పెట్టుకున్న రెండు పొడవాటి షెడ్లు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అక్కడ జర్మన్ యుద్ధఖైదీలను ఉంచారు, గోడల మీద జర్మన్ భాషలో రాసిన హెచ్చరికలు ఇప్పటికీ చెరిగిపోలేదు. జడ్ ఆ షెడ్ల పక్క తలుపులు తీయించి పెద్ద పెద్ద అద్దాల కిటికీలు పెట్టించారు. శిల్పాల మీద పడేది ఆ కిటికీల్లోంచి వచ్చే పగటి వెలుగే. ఒక వరుస ముందు నిలబడి ఉండగా సూర్యుడికి మబ్బు అడ్డం వచ్చింది. అంతసేపూ గాజులా మెరుస్తున్న పలకలు ఒక్కసారిగా సీసం రంగుకు తిరిగాయి. మబ్బు తొలగాక, నేను పలక అనుకున్నది పక్క పలక నీడ అని తెలిసి, వంగి చూసి నిర్ధారించుకోవలసి వచ్చింది. (అక్కడ వేటినీ ముట్టుకోనివ్వరు, లేకపోతే చేతితో తడిమి తేల్చుకునేవాణ్ణి.)

కర్మాగారంలో చేయించినదాన్ని శిల్పం అనవచ్చునా అని మీ వ్యాసకర్త సందేహించారు. ఆ పలకలను జడ్ తన చేతులతో కోయలేదు, నిజమే. కానీ మిల్లు నుంచి వచ్చిన రేకును మెరుగు పెట్టించకుండా, రంగు వేయించకుండా ఉన్నదున్నట్టు వాడాలన్న నిర్ణయం ఆయనదే, ఇక్కడ శిల్పమంతా ఆ నిర్ణయంలోనే ఉందని నాకనిపిస్తుంది. స్టీలు సామాను కొట్టులో కొత్త బిందె మన ముఖం మనకు చూపిస్తుంది, ఇంట్లో వాడిన అల్యూమినియం గిన్నె ముఖం చూపించదు గాని కిటికీ వెలుగును పట్టి ఉంచుతుంది. జడ్‌కు కావలసినది ఆ రెండో రకం మెరుపు. ఆయనకు మినిమలిస్టు (అలంకారాలన్నీ వదిలి అతి సాదా రూపాలతో పనిచేసే కళాకారుడు) అన్న పేరు కూడా నచ్చేది కాదు. వ్యాసంలో ఆ మాట నాలుగుసార్లు వచ్చింది కనుక ఇది కూడా చెబుతున్నాను.

ఈ శిల్పాలను చినాటి ఫౌండేషన్ చూసుకుంటోంది. జడ్ 1994లో మరణించారు. ఇప్పటికీ అవి ఆయన అమర్చిన వరుసల్లోనే ఉన్నాయి. ఫొటో కింది మాటను సవరిస్తూ రెండు వాక్యాలు వేయవలసిందిగా మనవి. మళ్లీ ఎప్పుడైనా వీటి గురించి ప్రచురిస్తే, ఒకే వరుసను పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తీసిన రెండు ఫొటోలను పక్కపక్కన వేయండి. అందుకు చోటు చాలకపోతే, నా ఈ ఉత్తరాన్ని కుదించినా నాకు అభ్యంతరం లేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత డ్రాయింగ్ అధ్యాపకుడు,
రాజమహేంద్రవరం